పేజ్‌మేకర్ ఆగిపోయింది, ఫైళ్లు మిగిలిపోయాయి

చిక్కడపల్లి, నారాయణగూడ సందుల్లోని పాత డీటీపీ షాపులు కొన్నింటిలో ఇప్పటికీ ఒక మూల పాత కంప్యూటర్ ఒకటి కనిపిస్తుంది. దానికి ఇంటర్నెట్ కనెక్షన్ ఉండదు. విండోస్ ఎక్స్‌పీ ఉంటుంది, వెనకాల తెలుగు ఫాంట్ల డాంగిల్ (అది గుచ్చితేనే ఫాంట్లు పనిచేసే చిన్న తాళంచెవి లాంటి పరికరం) గుచ్చి ఉంటుంది, లోపల పుస్తకాల పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7 అనే సాఫ్ట్‌వేర్ నడుస్తూ ఉంటుంది. పక్కన కొత్త సిస్టమ్‌లు రెండు మూడు ఉన్నా దీన్ని మాత్రం ఎవరూ తీసెయ్యరు. మొరాయిస్తే సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయి పాత మదర్‌బోర్డు కోసం షాపు షాపూ తిరుగుతారు. పదిహేను, ఇరవయ్యేళ్లు చేసిన పనంతా ఆ ఒక్క డబ్బాలోనే తెరుచుకుంటుంది మరి.

చూసేవాళ్లకు ఇది మొండితనంలా అనిపిస్తుంది. కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకోవచ్చు కదా, ఇంకా ఆ పాతదే ఎందుకు పట్టుకుని వేలాడటం అంటారు. కానీ పనిముట్టును తయారుచేసే కంపెనీ దాన్ని ఆపేసినప్పుడు, దాని మీద బతికేవాళ్లు పోగొట్టుకునేది పనిముట్టు ఒక్కటే కాదు. చేతికి అలవాటైన వేగం పోతుంది. అంతకంటే ముఖ్యంగా, తాము ఇదివరకు చేసిన పని తమకే అందకుండా పోతుంది. మొదటిది ఆరు నెలలు కష్టపడితే మళ్లీ వస్తుంది. రెండోది అలా రాదు. వాళ్ల కోపాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ రెండింటినీ విడివిడిగా చూడాలి.

పేజ్‌మేకర్ 1985లో ఆల్డస్ అనే అమెరికన్ కంపెనీ నుంచి మెకింతోష్ కోసం వచ్చింది. డెస్క్‌టాప్ పబ్లిషింగ్ (డీటీపీ) అనే మాటే ఆ కంపెనీ పెట్టిన పాల్ బ్రెయినార్డ్ నుంచి వాడుకలోకి వచ్చింది. 1994లో ఆల్డస్‌ను అడోబీ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ కంపెనీ కొనేసింది. 1999లో అడోబీయే అదే పనికి ఇన్‌డిజైన్ అనే కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చింది. 2001లో పేజ్‌మేకర్ 7 విడుదలైంది, అదే చివరిది. 2004లో డెవలప్‌మెంట్ పూర్తిగా ఆపేసి, వాడేవాళ్లను ఇన్‌డిజైన్‌కు మారమన్నారు.

ఆ సమయానికి హైదరాబాద్‌లో తెలుగు ముద్రణ పని చాలావరకు పేజ్‌మేకర్ మీదే నడుస్తోంది. కథల పుస్తకాలు, పాఠ్యపుస్తకాల గైడ్లు, వారపత్రికలు, పెళ్లి కార్డులు, ఎన్నికల కరపత్రాలు, దేవస్థానాల పంచాంగాలు అన్నీ అందులోనే. మ్యాటర్ కొట్టడం, ప్రూఫులు దిద్దడం, లేజర్ ప్రింటర్ మీద ట్రేసింగ్ తీయడం, దాన్నుంచి ప్లేటు చేసి ఆఫ్‌సెట్ మిషన్ ఎక్కించడం, ఈ వరుస మొత్తం దాని చుట్టూనే అల్లుకుంది. అమీర్‌పేటలో డీటీపీ కోర్సు అంటే పేజ్‌మేకర్, కోరల్‌డ్రా, ఫోటోషాప్ అనే అర్థం. కంపెనీ ఆపేసిన చాలా ఏళ్ల తర్వాత కూడా పిల్లలకు అదే నేర్పారు. షాపుల్లో అడిగేది అదే కాబట్టి.

ఇప్పుడు ఒక పాత ఫైలును కొత్త కంప్యూటర్‌లో తెరిస్తే ఏమవుతుందో దగ్గరగా చూద్దాం. ఒక పబ్లిషర్ 2003లో వేసిన నవలకు రీప్రింట్ కావాలని సీడీ పట్టుకొచ్చాడనుకుందాం. సీడీ మీద స్కెచ్ పెన్నుతో పుస్తకం పేరు రాసి ఉంటుంది. అదృష్టం బాగుండి సీడీ చదివింది. లోపల పీఎండీ ఫైళ్లు, అంటే పేజ్‌మేకర్ ఫైళ్లు, పన్నెండు ఉన్నాయి, ఒక్కో ఫైలు రెండు మూడు అధ్యాయాలు. కొత్త ఇన్‌డిజైన్‌లోకి లాగితే అసలు తెరుచుకోదు. పేజ్‌మేకర్ ఫైళ్లను తెరవగలిగిన చివరి ఇన్‌డిజైన్ వెర్షన్ సీఎస్6. ఆ తర్వాత వచ్చిన క్లౌడ్ వెర్షన్లలో ఆ సదుపాయం తీసేశారు. ఎక్కడో సీఎస్6 సంపాదించి తెరిస్తే, ఫలానా ఫాంట్లు లేవు అని ఒక బాక్స్ వస్తుంది. సరే అని నొక్కగానే పేజీ నిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, నెత్తిన చుక్కలున్న వింత అక్షరాలు పరుచుకుంటాయి. పేజీ నంబర్లు ఉన్నాయి, పేరాల ఆకారాలు ఉన్నాయి. చదవడానికి ఒక్క తెలుగు ముక్క లేదు.

మ్యాటర్ ఎగిరిపోయింది అంటారు ఆపరేటర్లు. నిజానికి ఎక్కడికీ పోలేదు. అప్పటి అను ఫాంట్లు గానీ, శ్రీలిపి గానీ, ఆ తరం తెలుగు ఫాంట్లు ఏవైనా సరే, ఇంగ్లీషు అక్షరాల నంబర్ల మీద తెలుగు బొమ్మలను కూర్చోబెట్టినవే. ఒక ఫాంట్‌లో 256 గదులు మాత్రమే ఉండేవి. వాటిలోనే తలకట్లు, గుడులు, కొమ్ములు, వత్తులు అన్నీ ముక్కలు ముక్కలుగా సర్దాలి. ఏ ముక్క ఏ గదిలో ఉండాలనేది ఒక్కో కంపెనీ తన ఇష్టప్రకారం పెట్టుకుంది. అందువల్ల ఫైలులో నిజంగా దాచి ఉన్నది తెలుగు కాదు, ఆ గదుల నంబర్లు. వాటిని తెలుగుగా చూపించేది ఫాంట్. ఫాంట్ లేకపోతే తెలుగు లేదు. ఒక కంపెనీ ఫాంట్‌లో కొట్టిన మ్యాటర్‌కు ఇంకో కంపెనీ ఫాంట్ పెడితే అదీ చెత్తలాగే కనిపిస్తుంది.

అంటే తెలుగు డీటీపీ ఫైలుకు రెండు తాళాలు పడ్డాయి. ఒకటి పేజ్‌మేకర్ ఫైల్ ఫార్మాట్, రెండోది ఫాంట్ కంపెనీ పెట్టుకున్న అక్షరాల వరస. అమెరికాలో పేజ్‌మేకర్ వాడినాయనకు మొదటి తాళం ఒక్కటే. ఫైలు ఎలాగోలా తెరిచాడంటే లోపల ఇంగ్లీషు ఇంగ్లీషుగానే ఉంటుంది. హైదరాబాద్‌లో ఆ రెండో తాళం కూడా తియ్యాలి. సాఫ్ట్‌వేర్ ఆగిపోయిందన్న వార్త అందరికీ ఒకటే అయినా, నష్టం అందరికీ ఒకటి కాదు. పాత బస్తీలో ఛత్తా బజార్ వైపు ఉర్దూ పెళ్లి కార్డులు వేసేవాళ్లకూ ఇలాంటి బాధే ఉంది. ఉర్దూ కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌పేజ్ పాత ఫైళ్లు కూడా యూనికోడ్‌లో, అంటే ప్రతి భాష అక్షరానికీ అందరూ ఒప్పుకున్న ఒకే నంబరు ఉండే పద్ధతిలో, దాచినవి కావు.

ఇందులో మనసు చివుక్కుమనే సంగతి ఒకటుంది. తెలుగుకు యూనికోడ్‌లో చోటు 1991లో మొదటి వెర్షన్ నుంచే ఉంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు యూనికోడ్ ఫాంట్ ఉంది. సరిగ్గా అదే సంవత్సరం వచ్చిన పేజ్‌మేకర్ 7కు మాత్రం యూనికోడ్ అంటే తెలియదు. కంప్యూటర్ తెలుగును తెలుగుగా గుర్తుపట్టడం మొదలుపెట్టిన ఏడాదే, ఇక్కడి వాళ్లు రోజంతా వాడే సాఫ్ట్‌వేర్ ఆఖరి వెర్షన్ దగ్గర ఆగిపోయింది. ఇంకొక్క వెర్షన్ యూనికోడ్‌తో వచ్చి ఉంటే ఈ ఇరవయ్యేళ్ల తెలుగు పుస్తకాలు ఈరోజు వేరే స్థితిలో ఉండేవి.

మరి ఇన్‌డిజైన్‌కు మారమన్నారు కదా, మారితే పోయేది కదా అనవచ్చు. అడోబీ ఆ మార్పు సులువు చెయ్యాలనే చూసింది, ఆ మాట ఒప్పుకోవాలి. 2004లో ఇన్‌డిజైన్‌కు పేజ్‌మేకర్ ఎడిషన్ అని ఒకటి ప్రత్యేకంగా తెచ్చింది. పేజ్‌మేకర్ షార్ట్‌కట్లనే ఇన్‌డిజైన్‌లో వాడుకునేలా ఒక సెట్ కూడా ఇచ్చింది. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ కాదు. పేజ్‌మేకర్‌లో కంట్రోల్, ఈ కలిపి నొక్కితే మ్యాటర్‌ను మాత్రమే చూపించి దిద్దనిచ్చే స్టోరీ ఎడిటర్ తెరుచుకుంటుంది, ప్రూఫు దిద్దే ఆపరేటర్ రోజుకు వందసార్లు నొక్కేది అదే. ఇన్‌డిజైన్‌లో అవే కీలు నొక్కితే ఫైలును ఎక్స్‌పోర్ట్ చెయ్యమంటావా అని అడుగుతుంది. పేజీకి ఇంత అని లెక్కగట్టి డబ్బులు తీసుకునే మనిషికి వేళ్లు తడబడితే ఆ రోజు కూలి తగ్గుతుంది. చెయ్యి తిరగడం అని మనం అనే మాటకు అర్థం ఇక్కడ రూపాయల్లోనే ఉంది.

అయినా తెలుగు వరకు ఆ ఏర్పాటు సరిపోలేదు. అప్పటి ఇన్‌డిజైన్‌కు తెలుగు యూనికోడ్ అక్షరాలను నేరుగా కూర్చడం రాదు. వత్తులు కింద పడవు, గుణింతాలు విడిపోతాయి. తెలుగుతో సహా భారతీయ భాషలను కూర్చే సామర్థ్యం 2012లో సీఎస్6తో వచ్చింది. 2004 నుంచి 2012 వరకు, ఎనిమిదేళ్లు. పాత ఇల్లు ఖాళీ చెయ్యమన్న రోజుకు కొత్త ఇంట్లో వంటగది కట్టలేదు. ఆ ఎనిమిదేళ్లలో మారినవాళ్లు కూడా పాత ఫాంట్లతోనే ఇన్‌డిజైన్‌లోకి మారారు. అంటే మొదటి తాళం మార్చుకున్నారు, రెండోది అలాగే ఉండిపోయింది. మారనివాళ్లు మూలనున్న ఎక్స్‌పీ కంప్యూటర్ దగ్గరే ఉండిపోయారు. ఇద్దరిలో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు.

సినిమావాళ్లకు ఇదే దెబ్బ ఇంకో రూపంలో తగిలింది. 2011 జూన్‌లో యాపిల్ తన ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొత్తదైన ఫైనల్ కట్ ప్రో ఎక్స్ విడుదల చేసి, అదే రోజుల్లో పాత ఫైనల్ కట్ ప్రో 7 అమ్మకం ఆపేసింది. కొత్తదానిలో పాత ప్రాజెక్టులు తెరుచుకోవు. ఒకే సీన్‌ను నాలుగు కెమెరాలతో తీస్తే వాటిని పక్కపక్కన పెట్టి కోసే సదుపాయం మొదట్లో లేదు. ఎడిటింగ్ అయ్యాక సౌండ్ వాళ్లకు పంపే ఓఎంఎఫ్ ఫైలు తీసే దారీ లేదు. కృష్ణానగర్, ఫిల్మ్‌నగర్ వైపు ఎడిటింగ్ గదుల్లో పనిచేసేవాళ్లకు ఈ చివరిది ఎంత పెద్ద విషయమో చెప్పక్కర్లేదు. సినిమా ఒక్కరి టేబుల్ మీద పూర్తయ్యేది కాదు. ఎడిటర్ దగ్గర్నుంచి సౌండుకు, రంగులు సరిచేసే డీఐకి, గ్రాఫిక్స్‌కు చేతులు మారుతూ పోవాలి. రిలీజ్ డేట్ పోస్టర్ మీద పడ్డాక ఆ గొలుసులో ఒక్క లింకు తెగితే ఎంత టెన్షనో ఆ గదిలో కూర్చున్నవాళ్లకే తెలుసు. గొడవ పెద్దదయ్యాక యాపిల్ పాతదాన్ని కొన్నాళ్లు ఫోన్ ఆర్డర్ల మీద మళ్లీ అమ్మింది, మల్టీకెమెరా సదుపాయాన్ని 2012 జనవరిలో చేర్చింది. ఈలోపు చాలామంది అవిడ్, ప్రీమియర్ లాంటి వేరే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లకు వెళ్లిపోయారు.

కంపెనీలు ఎందుకు ఆపుతాయి అన్నదానికి ఒకటే జవాబు లేదు. కొన్నిసార్లు కారణం న్యాయమైనదే. పాత కోడ్ మీద కొత్త కట్టడం కట్టలేరు, కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వస్తే మొత్తం తిరగరాయాలి, ఆ ఖర్చుకు తగ్గ కొనుగోళ్లు ఉండవు. పేజ్‌మేకర్ సంగతి చాలావరకు ఇదే. ఇంకొన్నిసార్లు కారణం వేరు. పోటీ సాఫ్ట్‌వేర్‌ను కొనేసిన కంపెనీకి రెండింటినీ పోషించాల్సిన అవసరం ఉండదు. ఫ్రీహ్యాండ్ కథ అలాంటిదే. 1994లో ఆల్డస్‌ను అడోబీ కొనేటప్పుడు, అడోబీ బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇల్లస్ట్రేటర్‌కు పోటీగా ఆల్డస్ అమ్ముతున్న ఫ్రీహ్యాండ్ కూడా దాని చేతికి పోకూడదని అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అడ్డుకుంది. ఫ్రీహ్యాండ్ మాక్రోమీడియా అనే కంపెనీకి వెళ్లింది. 2005లో మాక్రోమీడియానే అడోబీ కొనేసింది. 2007లో ఫ్రీహ్యాండ్‌ను ఇక ముందుకు తీసుకెళ్లబోమని ప్రకటించింది. దాన్ని వాడే డిజైనర్లు ఒక సంఘంగా ఏర్పడి 2011లో కోర్టుకెక్కారు, మరుసటి ఏడాది రాజీ కుదిరింది. ఫ్రీహ్యాండ్ మాత్రం తిరిగి రాలేదు. త్రీడీ యానిమేషన్‌లో సాఫ్ట్ఇమేజ్‌ది కూడా అదే దారి. అదే పని చేసే మాయా, త్రీడీఎస్ మ్యాక్స్ రెండూ అప్పటికే చేతిలో ఉన్న ఆటోడెస్క్ కంపెనీ 2008లో దాన్ని కొని, 2014లో ఆపేస్తున్నట్టు చెప్పింది.

ఇక్కడ దాచకుండా చెప్పుకోవాల్సిన మాట ఒకటి ఉంది. మన దగ్గర డీటీపీ కంప్యూటర్లలో ఉన్న పేజ్‌మేకర్లలో డబ్బు పెట్టి కొన్నవి తక్కువ. ఆపరేటింగ్ సిస్టమ్ వేసే కుర్రాడే అదీ వేసిపోయేవాడు. దాంతో, ఇంతమంది తెలుగువాళ్లు దీని మీద ఆధారపడి ఉన్నారని చెప్పడానికి అమ్మకాల లెక్కల్లో ఆధారమే లేకుండా పోయింది. కొన్నవాడి మాటకే విలువ ఉండే చోట కొననివాడి ఇబ్బంది వినపడదు. కానీ లైసెన్సు కొనుక్కున్న పత్రికలకు, ప్రచురణ సంస్థలకు కూడా చివరికి దొరికింది అంతే. వాళ్ల పాత ఫైళ్లు కూడా అలాగే మూతపడ్డాయి. కాబట్టి తప్పంతా కాపీ కొట్టినవాళ్లదే అనడం కుదరదు.

పేజ్‌మేకర్ విషయంలో ఒక ఊరట మాత్రం ఉంది. అది సీడీ మీద వచ్చిన సాఫ్ట్‌వేర్. కంపెనీ ఆపేసినా కొన్నవాడి చేతిలోంచి ఎవరూ లాక్కుపోలేదు. అందుకే ఇరవయ్యేళ్ల తర్వాత కూడా ఆ మూలనున్న కంప్యూటర్‌లో నడుస్తోంది. ఇప్పటి సాఫ్ట్‌వేర్లకు ఆ వెసులుబాటు లేదు. 2013లో అడోబీ క్రియేటివ్ క్లౌడ్‌కు మారి, కొత్త వెర్షన్లను అద్దె పద్ధతిలోనే ఇవ్వడం మొదలుపెట్టింది. నెలనెలా కట్టాలి, అప్పుడప్పుడూ ఇంటర్నెట్‌లో హాజరు వేయించుకోవాలి. 2019లో పాత వెర్షన్లు వాడుతున్న చందాదారులకు, వాటిని వాడే హక్కు మీకు ఇక లేదని మెయిళ్లు పంపింది. డబ్బు కడుతున్నవాళ్లకే! ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను ఒకరోజు ఆపేస్తే మూలన దాచుకోవడానికి కంప్యూటర్ ఉంటుంది గానీ అందులో నడిచేది ఏమీ ఉండదు. ఈరోజు హైదరాబాద్‌లో కొత్తగా పని నేర్చుకుంటున్న డిజైనర్లు తమ పెద్దవాళ్లకంటే బలహీనమైన స్థితిలో ఉన్నారు. ఈ విషయం మీద జరగాల్సినంత చర్చ జరగడం లేదు.

ఆగిపోవడం అంటే అంతమైపోవడమే అని కూడా కాదు, త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ అందుకు సాక్ష్యం. 2002లో దాన్ని తయారుచేసే కంపెనీ మూతపడింది. పెట్టుబడిదారులు లక్ష యూరోలిస్తే కోడ్ అందరికీ వదిలేస్తామన్నారు. వాడేవాళ్లు ఏడు వారాల్లో ఆ డబ్బు పోగుచేశారు. ఆ ఏడాది అక్టోబర్‌లో బ్లెండర్ ఓపెన్ సోర్స్ అయింది, అంటే కోడ్ ఎవరైనా వాడుకునేలా బయటికొచ్చింది, ఇప్పటికీ ఏటేటా కొత్త వెర్షన్లు వస్తున్నాయి. ప్రతి కంపెనీ ఇలా చేస్తుందనుకోలేం. అమ్మకం ఆపే రోజున రెండు పనులైనా చెయ్యమని అడగడం మాత్రం అత్యాశ కాదు. యాక్టివేషన్, అంటే కంపెనీ సర్వర్ నుంచి అనుమతి, లేకుండా నడిచే చివరి కాపీ ఒకటి ఇవ్వడం, ఫైల్ ఫార్మాట్ వివరాలు బయటపెట్టడం. మొదటిది అసాధ్యమేం కాదు. ఇన్‌డిజైన్, ఫోటోషాప్ లాంటివి కలిపి అమ్మిన క్రియేటివ్ సూట్ 2 యాక్టివేషన్ సర్వర్లను ఆపేసినప్పుడు అడోబీయే యాక్టివేషన్ అక్కర్లేని కాపీలను కొన్నవాళ్ల కోసం సైట్‌లో పెట్టింది. రెండోది కంపెనీ చెయ్యకపోయినా బయటివాళ్లు కష్టపడి చేశారు. ఎక్కడెక్కడి వాలంటీర్లో పేజ్‌మేకర్ ఫైళ్ల లోపలి అమరికను విప్పి చూసి, వాటిని చదివే ప్రోగ్రామ్ రాశారు. 2015లో వచ్చిన లిబ్రేఆఫీస్ 4.4 అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ నుంచి పేజ్‌మేకర్ ఫైలును ఉచితంగానే తెరిచి చూడొచ్చు. పైసా ఆశించకుండా ఆ పని చేసినవాళ్లకు నమస్కారం పెట్టాలి.

అయితే అది తీసేది మొదటి తాళాన్నే. లిబ్రేఆఫీస్‌లో తెరిచినా కనిపించేవి అవే డాలర్ గుర్తులు, అవే చుక్కల అక్షరాలు. రెండో తాళానికి అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మామూలు మాటల్ని బాగానే మారుస్తాయి. కష్టమంతా జంటాక్షరాల దగ్గర, ర వత్తు దగ్గర, మ్యాటర్ మధ్యలో వచ్చిన ఇంగ్లీషు మాటల దగ్గర. ఏది తెలుగు బొమ్మ కోసం వాడిన నంబరో, ఏది నిజంగా ఇంగ్లీషు అక్షరమో ప్రోగ్రామ్‌కు తెలియదు, ఇంగ్లీషు పేరును కూడా తెలుగు ముక్కలుగా మార్చేస్తుంది. పద్యాలున్న పుస్తకమైతే ఇంకా జాగ్రత్త పడాలి. ఒక అక్షరం జారితే గణం తప్పుతుంది.

అందుకే చాలామంది పబ్లిషర్లు ఇంకో దారి పడుతున్నారు. ఫైలును పక్కన పెట్టి, పాత ప్రింట్ కాపీని స్కాన్ చేసి, ఆ బొమ్మల్నే మళ్లీ అచ్చు వేయిస్తున్నారు. 2003లో కంప్యూటర్‌లో కూర్చిన పుస్తకానికి ఈరోజు నమ్మకమైన ఆధారం అప్పుడు అచ్చయిన కాగితమే. పని జరిగిపోతుంది. కానీ అప్పటి అచ్చుతప్పులు అలాగే ఉంటాయి, ఈ-బుక్ చెయ్యడం కుదరదు, పుస్తకంలో ఒక మాట వెతకాలన్నా కుదరదు.

కొద్దిమంది కష్టమైన దారినే ఎంచుకుంటున్నారు. కొత్త కంప్యూటర్‌లోనే వర్చువల్ మెషిన్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నడిచే ప్రోగ్రామ్) పెట్టి, అందులో ఎక్స్‌పీ, పేజ్‌మేకర్ ఎక్కించి, డాంగిల్‌ను దానికి అందేలా చేస్తారు. విండోస్ 10కు కూడా 2025 అక్టోబర్‌తో సపోర్ట్ ముగిసింది కాబట్టి ఈ ఏర్పాటు అవసరం ఇంకా పెరిగింది. ముందు ప్రతి ఫైలునూ పీడీఎఫ్ చేసి పెట్టుకుంటారు, పేజీ అసలు ఎలా ఉండేదో సరిచూసుకోవడానికి. తర్వాత స్టోరీ ఎడిటర్ తెరిచి అధ్యాయం అధ్యాయంగా మ్యాటర్ బయటికి తీసి, కన్వర్టర్‌లో వేసి, యూనికోడ్‌లో వచ్చినదాన్ని ప్రింటు తీస్తారు. అక్కడి నుంచి పని మళ్లీ ప్రూఫ్ రీడర్ చేతికి వెళ్తుంది. ఎడమచేతి పక్క 2003 నాటి పుస్తకం, కుడిపక్క కొత్త ప్రూఫు పెట్టుకుని, ఎర్ర పెన్నుతో లైను వెంట లైను పోల్చుకుంటూ పోతారు. మూడొందల పేజీల నవలకు ఎన్ని రోజులు పడుతుందనేది అందులో ర వత్తులు ఎన్ని ఉన్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది.